బదులు వెళ్ళిన మసేను

చంద్రిక బ్యాగు నేనే సర్దాను. తను సర్దితే పైన బట్టలు, అడుగున చెప్పులు, మధ్యలో సబ్బు. ఆ సబ్బు కరిగి అన్నిటికీ అంటుకుంటుంది. అందుకని సబ్బుని ఒక కవర్లో, ఆ కవర్ని ఇంకో కవర్లో పెట్టి పక్క జేబులో దోపాను. ఆరు జతల బట్టలు, దుప్పటి, మోకాలికి చుట్టుకునే పట్టీ, కందిపొడి సీసా. ఎండు నెత్తళ్ళు వేయించి డబ్బాలో పోసి పెడితే మాత్రం తీసి బయట పెట్టేసింది.

"రైల్లో వాసనొత్తాది అమ్మమ్మా. పక్కోళ్ళు నన్ను తునిలో దింపేత్తారు."

"దింపితే మంచిదే. ఇంటికొచ్చేత్తావు."

చంద్రిక నా కూతురు రాణికి కూతురు. రాణి వాళ్ళు ఎలమంచిలిలో ఉంటారు. చంద్రిక కాలేజీ కోసం విశాఖ జాలారిపేటలో నా దగ్గరికి వచ్చి, కాలేజీ అయిపోయాక గాజువాకలో ఉద్యోగం చూసుకుని నా దగ్గరే ఉండిపోయింది. ఇప్పుడు ఆ ఉద్యోగానికి రెండు నెలలు జీతం లేని సెలవు పెట్టి హైదరాబాదు వెళ్తోంది, బేస్‌బాల్ వీడియో గేమ్ పోటీలకి. సాయంత్రం గోదావరి రైలుకి టికెట్టు. అది ఫోనులో ఉందని చెప్పింది. నేను మూడుసార్లు చూపించమన్నాను.

"ఎప్పుడొత్తావే?"

"పడవలు దిగే రోజుకి నీ ముందుంటాను."

వేట నిషేధం ఆ రోజే మొదలైంది. ఏప్రిల్ పదిహేను నుంచి జూన్ పద్నాలుగు దాకా, అరవై ఒక్క రోజులు మా పడవలు సముద్రంలోకి దిగవు. ఆ లెక్క నాకు తేలిక. వేళ్ళు మడిచి చూసుకుంటే చాలు.

బ్యాగు జిప్పు వేస్తుంటే చంద్రిక ట్యాబ్ తెచ్చి నా ఒడిలో పెట్టింది.

"అమ్మమ్మా, ఓ ఏలు ఎయ్యవే ఇక్కడ."

ఆ వేలు దేనికో చెప్పాలంటే ఆ ఆట మా ఇంటికి ఎలా వచ్చిందో ముందు చెప్పాలి.

చంద్రిక కాలేజీలో సాఫ్ట్‌బాల్ ఆడేది. కొట్టేవాడి వెనక గొంతుకూర్చుని బంతి పట్టుకునే పని దానిది. మూడో ఏడాది మోకాలు జారి ఆపరేషన్ అయింది. ఇక గ్రౌండులోకి వద్దన్నారు. మంచం మీద ఉన్న నెలల్లో ట్యాబ్‌లోకి ఈ ఆట దించుకుంది. నేను పక్కన వెల్లుల్లి వలుస్తూ చూసేదాన్ని. ఒకడు విసురుతాడు, ఒకడు కొడతాడు. కొట్టినవాడు మూడు మూలలూ చుట్టి, బయల్దేరిన చోటికి తిరిగొస్తేనే ఒక పరుగు. మధ్యలో ఎంత బాగా పరిగెత్తినా అక్కడే ఆగిపోతే ఏమీ రాదు. ఆ ఆటలో నాకు మొదట నచ్చింది అదే.

ఆడటం చంద్రిక వేళ్ళ పని. జట్టు కట్టడం మెల్లగా నా పని అయింది. ముప్ఫై ఏళ్ళు రేవులో చేపల వేలంపాట దగ్గర నిలబడ్డదాన్ని. ఏ పడవలో ఎవరు అలిసిపోయారో, ఎవరు అలిసినట్టు నటిస్తున్నారో నడక చూసి చెప్పేదాన్ని. ఈ ఆటలోనూ అంతే. ఇరవై ఆరు మంది. ఒక్కొక్కడికీ వందకి ఇన్ని అని మార్కులు: గురికి, వేగానికి, ఓపికకి. రోజుకి పది పాయింట్లు ఇస్తారు. వాటిని ఎవరికి, దేనికి పెట్టాలో మనం చూసుకోవాలి. ఆటగాళ్ళకి వయసు వస్తుంది. ముప్ఫై మూడు దాటితే ఎంత తర్ఫీదు ఇచ్చినా మార్కులు జారతాయి. అప్పుడు అందరూ వాళ్ళని తీసేసి కొత్తవాళ్ళని తెచ్చుకుంటారు. మేము తీసెయ్యలేదు. నేను తియ్యనివ్వలేదు.

తెలుగు చదవడం నాకు నేనే నేర్చుకున్నాను, ఎండుచేపలు చుట్టే పాత పేపర్లు చూసి. వయసులో ఉన్నప్పుడు ఒక కాగితం మీద వేలిముద్ర వేసి మోసపోయిన తర్వాత పట్టుకున్న పని అది. ఇంగ్లీషు అక్షరాలు హార్బరులో పెట్టెల మీది రాతలు చూసి నేర్చుకున్నాను. ఆటలో మాటలు ముప్ఫై కంటే ఎక్కువ ఉండవు. పదే పదే వచ్చేవే. ఒక్కొక్కటీ చంద్రికని అడిగి గుర్తుపెట్టుకున్నాను. తర్ఫీదు పేజీ కింద ఒక ఎర్ర బటన్ ఉండేది. అదేమిటని మొదటి ఏడాదే అడిగాను.

"కలపడానికే. ఒకడ్ని ఇంకొకడిలో కలిపేత్తే ఆడి మార్కులు ఈడికొత్తాయి."

"మరి ఆడో?"

"ఆడుండడు."

"ఆ బటన్ మనింట్లో ఎవులూ నొక్కడానికి నేదు," అన్నాను.

చంద్రిక నవ్వి, జట్టుకి నా వేలిముద్రే తాళంగా పెట్టింది. "నువ్వే మేనేజరువి. నీ ఏలు నేకుండా ఎవుడూ ఎల్లడు, ఎవుడూ రాడు. సరేనేటి?" అంది. కాగితం మీద వేలు వెయ్యనని ఒట్టు పెట్టుకున్నదాన్ని, ట్యాబ్ అద్దం మీద సంతోషంగా వేశాను.

ఆటగాళ్ళ పేర్లు మార్చుకోవచ్చని తెలిశాక పంతొమ్మిది మందికి మార్చాను. అందరూ నాకు తెలిసి ఎటో వెళ్ళిపోయినవాళ్ళే. మసేను పేరు మాత్రం ఎవరికి పెట్టాలో చాలా రోజులు తేల్చుకోలేదు. మసేను మా తమ్ముడు. పంతొమ్మిదేళ్ళకి గుజరాత్‌లో వెరావల్ పడవల మీద కూలికి వెళ్ళాడు. వాడు రాలేదు, వాడి గురించి ఒక ఉత్తరం వచ్చింది. అప్పటికి నాకు చదవడం రాదు.

చివరికి బంతి విసిరే ఎడమచేతివాటం పిల్లాడు ఒకడు ఊరికే వచ్చాడు. నలభై ఒక్క మార్కులు. ఎవరూ తీసుకోక మిగిలినవాడు. వయసు పంతొమ్మిది. వాడికి ఆ పేరు పెట్టాను.

"స్పీడు పెంచు అమ్మమ్మా. స్పీడుంటేనే బయపడతారు."

"గురి నేని స్పీడు దేనికే? ఎదుటోడి బుర్ర పగలడానికా?"

ఆరు నెలలు గురికే పెట్టాను. తర్వాత ఓపికకి. వేగానికి చిట్టచివర. ఒక ఆటలో బంతి విసిరిన పిచ్చర్ నాలుగు రోజులు పడుకోవాలి. మిగతా జట్లవాళ్ళు మూడో రోజే లేపి విసిరించేవారు. నేను ఎప్పుడూ లేపలేదు. రెండేళ్ళలో మసేను ఎనభై ఏడుకి వచ్చాడు. నలభై జట్ల పట్టికలో ముప్ఫై ఎనిమిదో చోట మొదలైన మా జాలారిపేట జట్టు నాలుగో చోట నిలబడింది. డబ్బు పెట్టి పెద్ద పెద్ద ఆటగాళ్ళని కొనుక్కునేవాళ్ళు కూడా మసేను విసిరే రోజున మాతో ఆడటానికి వెనకాడేవారు.

ఆ రోజు చంద్రిక వేలు అడిగింది మసేను కోసం.

"ఏటిది?"

"కార్తీక్ ఉన్నాడు గదా, తగరపువలసబ్బాయి? హైదరాబాదులో ఆళ్ళ జట్టులోకే నాను ఎల్తన్నాది. ఆళ్ళకి ఎడంచేతి పిచ్చరు కావాలంట. రెండు నెల్లే. మనోళ్ళు పక్క పడవకి మనిషిని బదులిత్తారు సూడు, అలాగ."

బదులివ్వడం మా రేవులో ఉన్నదే. పక్క పడవకి ఒక చెయ్యి తక్కువైతే మన మనిషిని పంపుతాం. వాడు మన పడవలో కూర్చునే చోటు మాత్రం ఎవరికీ ఇవ్వం. వల లాగేటప్పుడు ఆ చోట చెయ్యి లేక మిగతావాళ్ళ భుజాలు పడిపోయినా ఇవ్వం. తీసుకున్నవాళ్ళు చెప్పిన రోజుకి మనిషిని తిరిగి పంపుతారు. పంపకపోతే వాళ్ళ పడవ ఒడ్డుకి లాగడానికి రేవులో ఎవరూ చెయ్యి వెయ్యరు. నా ఎరికలో ఎవరూ మాట తప్పలేదు.

"ఎప్పుడంపుతారు?"

"పడవలు దిగే రోజుకి."

"నీతోనే వత్తాడా?"

"నాతోనే వత్తాడు."

అద్దం మీద ఇంగ్లీషులో నాలుగు వరుసలు ఉన్నాయి. నాకు తెలిసిన మాటలు వాటిలో ఒకటో రెండో కనిపించాయి. కళ్ళజోడు పెట్టుకుని మొదటి వరుస చదవబోయాను.

"రైలు టైమైపోతంది అమ్మమ్మా."

వేలు వేశాను. పిచ్చర్ల వరుసలో అయిదో గడి ఖాళీ అయింది.

మూడు గంటలకి ఆటో ఎక్కించాను. సామర్లకోట దాటిందో లేదో, రాజమండ్రి దాటిందో లేదో అని ఫోను చేస్తూనే ఉన్నాను. నాలుగోసారి ఎత్తడం మానేసింది.

ఆ మర్నాటి నుంచి నా పని మొదలైంది. రోజూ మధ్యాహ్నం ట్యాబ్ తెరిస్తే ఆట ముందు ఒక ప్రశ్న అడిగేది: పిచ్చరు ఒకడు తక్కువున్నాడు, చోటు నింపమంటారా? వద్దు అని నొక్కేదాన్ని. చంద్రిక లేదు కాబట్టి ఆటలు వాటంతట అవే జరిగేలా పెట్టాను. అయిదుగురు చెయ్యాల్సిన పని నలుగురు చేశారు. ఆ నలుగురిలో ముప్ఫై అయిదేళ్ళ ఎల్లాజీని నాలుగో రోజు పడుకోనివ్వకుండా లేపాల్సి వచ్చింది. నెల తిరిగేసరికి వాడు అరవై ఒకటి నుంచి యాభై రెండుకి జారిపోయాడు. జట్టు నాలుగో చోటు నుంచి పదకొండుకి, పంతొమ్మిదికి దిగింది. పోతే పోనీ అనుకున్నాను. మసేను వస్తే మళ్ళీ ఎక్కుతాం.

సాయంత్రం చంద్రిక ఫోను చేసేది.

"మసేను ఎలగున్నాడే?"

"సూపరు. నిన్న నాగపూరోళ్ళ మీద తొమ్మిది మందిని కూలగొట్టాడు."

"ఆడాక పడుకోబెట్టారా?"

"ఆఁ... పడుకోబెట్టారు. నాలుగు రోజులు."

"అయిదు పడుకోమను. అక్కడ ఎండలు."

చంద్రిక పకపకా నవ్వేది. దాని నవ్వు వింటే నాకు ప్రాణం కుదుటపడేది. ఒక రోజు ఏడుగురిని అవుట్ చేశాడంది. ఒక రోజు వాన వల్ల ఆట ఆగిందంది. ఒకసారి వాడి మోచెయ్యి కొంచెం నొప్పంది. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. రెండు రోజుల తర్వాత తగ్గిందని చెప్పింది.

కుళాయి దగ్గర పోతమ్మకి చెప్పాను, మావాడు హైదరాబాదులో బాగా ఆడుతున్నాడని. పోతమ్మ మా పక్కింటి మనిషి. బిందె కిందపెట్టి నన్ను కిందికీ పైకీ చూసింది.

"మీ ఓడెవుడే? నీకు మగపిల్లడెప్పుడు పుట్టాడు?"

"ట్యాబ్‌లో ఓడు."

"ఓలమ్మ! మా ఆయన పేకాటలో రాజుల్ని పెంచుతాడు, నువ్వు ట్యాబులో కొడుకుల్ని పెంచుతావు. ఈదంతా బాగున్నాది." కుళాయి దగ్గరున్న వాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. ఎవరు నవ్వితే నాకేం? నా మనిషి బదులు వెళ్ళాడు, తిరిగి వస్తాడు. ఈ ఒక్కసారి రోజు కూడా తెలుసు.

జూన్ పద్నాలుగు, శుక్రవారం. పొద్దున్నే ఒడ్డంతా సందడి. వలలు సర్దుతున్నారు, ఇంజన్లు తిప్పి చూస్తున్నారు, ఐసు బండి వచ్చింది. తొమ్మిదింటికి చంద్రిక ఆటో దిగింది. నల్లబడింది, చిక్కింది. ఆటోలోంచి దాని బ్యాగు పట్టుకుని ఒక కుర్రాడు దిగాడు. పాతికేళ్ళుంటాయి. కార్తీక్. తగరపువలస వెళ్తూ బ్యాగు దింపడానికి వచ్చాడట.

"వద్దు, టైమైపోతంది, ఎల్లు నువ్వు," అంది చంద్రిక వాడితో.

"ఇంటికొచ్చినోడ్ని టీ తాక్కుండా అంపేత్తావేటే?" అని నేనే కూర్చోబెట్టాను.

మంచి పిల్లాడు. రెండు చేతులూ జోడించాడు. "మామ్మగారూ, మేనేజరు మీరేనటగదా. మీ పిచ్చరు నేకపోతే మాం సెమీఫైనల్ మొకం సూసీవోళ్ళం కాదు."

నాకు ఒళ్ళంతా తేలికైంది. టీలో ఇంకో చెంచా పంచదార వేశాను.

"మరి ఆణ్ణెప్పుడంపుతారు నాయినా? ఈ రోజుకని సెప్పింది ఇది. ఏలేదైనా ఎయ్యాలేటి నాను?"

కార్తీక్ నా వైపు చూశాడు, తర్వాత చంద్రిక వైపు.

"టీ సల్లారిపోతాది కార్తీకూ," అంది చంద్రిక.

"అంపడమేటి మామ్మా?" అన్నాడు వాడు. మంచితనంగానే అన్నాడు. నాకు ఆట తెలియక అడుగుతున్నాననుకున్నాడు. "ఆణ్ణి మా మెయిన్ పిచ్చర్లో కలిపేసాం కదా. ఎడంచేతోడిలో ఎడంచేతోడ్ని కలిపితేనే మార్కులెక్కువొత్తాయి. తొంబై నాలుగుండీవోడు మీ ఓడు కలిసాక తొంబై ఏడయ్యాడు. అందుకే గదా ఈమెకి జట్టులో సీటిచ్చాం."

"ఎప్పుడు కలిపారు?"

"ఆ రోజే. ఈమె ఇంకా వైజాగ్ స్టేషన్లో ఉంది. నాలుగ్గంటలకనుకుంటాను. అయిందని మెసేజ్ పెడితే బొటనేలు బొమ్మ కూడా పెట్టింది."

"మరి నాగపూరోళ్ళ మీద?"

"నాగపూరు జట్టేటి? మా పోటీలో ఆళ్ళు నేరు మామ్మా."

అప్పటికి వాడికి ఏదో అర్థమైంది. సగం టీ వదిలేసి లేచాడు. వాకిట్లో చెప్పులు తొడుక్కుంటూ, "నాకు తెలీదు మామ్మగారూ," అన్నాడు. వాడి మీద నాకు కోపం రాలేదు. వాడు అడిగింది తీసుకున్నాడు, చేస్తానన్నది చేశాడు.

చంద్రిక గోడకి ఆనుకుని నిలబడింది. నాలుగ్గంటలకి నేను ఏం చేస్తున్నానో గుర్తు తెచ్చుకున్నాను. వాకిట్లో కూర్చుని రైలు కదిలిందా అని దానికి ఫోను చేస్తున్నాను.

"నువ్వియ్యవని తెలుసు," అంది చివరికి. "అందుకే సెప్పనేదు. ఆణ్ణియ్యకపోతే నాకు చోటిచ్చేవోళ్ళు కాదమ్మమ్మా. మోకాలు పోయాక నన్ను ఆటకి రమ్మన్నోళ్ళు ఈళ్ళే మొదలు."

"అడిగుంటే?"

"అడిగితే ఇచ్చేదానివా?"

ఇచ్చేదాన్ని కాదు. ఆ మాట అబద్ధం చెప్పలేకపోయాను. కానీ రెండు రోజులు ఏడ్చి, నాలుగు రోజులు మాట్లాడకుండా ఉండి, ఆ తర్వాత ఏమో. అది తేలడానికి నన్ను అడగాలి కదా.

"ఇంకోడ్ని తెత్తాను," అంది చంద్రిక, ముక్కు తుడుచుకుంటూ. "ఎడంచేతోడ్నే. అదే పేరెట్టుకుందాం. రెండేళ్ళు కాదు, ఆర్నెల్లలో ఎనబై దాటిద్దాం. ఎంతైనా బొమ్మ కదే."

"బొమ్మని నాకు తెలీదేటే?" అన్నాను. "బొమ్మనే ఇవ్వమని అడగవలసింది. నువ్వు పడవ మాట సెప్పావు. బదులన్నావు. ఆ మాటంటే నాను మారు మాటాడనని తెలిసి అన్నావు. నీకు ఇరవైనాలుగేళ్ళొచ్చి ఈ రేవు గురించి నేర్చుకున్నాది ఇదేనేటి?"

"అమ్మమ్మా..."

"ఆ రోజొక్కటే అయితే తొందర్లో అన్నావనుకుందును. అరవై రోజులు రోజూ ఆడి పేరు సెప్పావు. ఆడికి సెయ్యి నొప్పన్నావు. నాను అన్నం తిన్నేదు."

చంద్రిక నా పక్కన కూర్చోబోయింది. నేను లేచి టీ గ్లాసులు కడుక్కున్నాను. కడిగినవే మళ్ళీ కడిగాను.

ఇంతకాలం వెళ్ళినవాళ్ళ గురించే భయపడ్డాను. వెళ్ళిన మనిషి చెప్పిన రోజుకే వచ్చి, నా ఎదురుగా నిలబడి ఉండగా, అది నా మనిషి కాదేమో అనిపిస్తుందని ఎప్పుడూ అనుకోలేదు. చంద్రిక ఆ మధ్యాహ్నం అన్నం తిని, అలిసి, నా మంచం మీదే నిద్రపోయింది. నేను ఫ్యాను దాని వైపు తిప్పాను. అలవాటు కొద్దీ తిప్పాను.

మర్నాడు తెల్లవారేసరికి పడవలు దిగాయి. రెండు నెలలు ఖాళీగా ఉన్న నీళ్ళ మీద వరసగా వెళ్తుంటే ఆడవాళ్ళందరం ఒడ్డున నిలబడ్డాం. ఏ పడవలోనూ ఒక్క చోటు ఖాళీ లేదు. బదులు వెళ్ళినవాళ్ళు వచ్చేశారు.

ఇంటికొచ్చి ట్యాబ్ తెరిచాను. అదే ప్రశ్న అడిగింది. మా రేవులో బదులు వెళ్ళినవాడి చోటు ఉంచుతాం. పోయినవాడి చోటు ఉంచం. ఆ చోట ఇంకో మనిషిని కూర్చోబెట్టి పడవ దింపుతాం, లేకపోతే మిగతావాళ్ళు మునుగుతారు. ఎల్లాజీ అప్పటికి నలభై తొమ్మిదికి వచ్చేశాడు. వాడికి నిద్ర కావాలి.

అవును అని నొక్కాను. ముప్ఫై ఎనిమిది మార్కులవాడు ఒకడు వచ్చాడు, కుడిచేతివాటం. వాడి పేరు మార్చలేదు.

చంద్రిక లేచి వచ్చి గుమ్మంలో నిలబడి అంతా చూసింది. ఆటలో పెద్ద పట్టిక ఒకటి ఉంటుంది, వచ్చినవాళ్ళవీ వెళ్ళినవాళ్ళవీ తేదీలు అందులో ఉంటాయి. అది తీసి, కళ్ళజోడు పెట్టుకుని, ఈసారి మొదటి నుంచి చివరిదాకా చదివాను.

మసేను, ఎడమచేతి పిచ్చర్, ఎనభై ఏడు మార్కులు, 2024 ఏప్రిల్ పదిహేను, సోమవారం మధ్యాహ్నం వెళ్ళాడు. ఆ సాయంత్రం నాలుగింటికి లేకుండా పోయాడు. తిరిగి రాలేదు.